సగం సాలు

తాడేపల్లిలో కరకట్టకు దగ్గరగా ఉన్న ఆ మూడంతస్తుల భవనంలో సోమవారం పని పట్టికతో మొదలయ్యేది. ఫెబా తన కుర్చీలో కూర్చుని, సీసాలో నీళ్లు ఒక గుక్క తాగి, గడచిన వారంలో ఆటగాళ్లు ఎవరిని ఎన్నిసార్లు ఎంచుకున్నారో, ఎవరు ఎన్ని పోటీలు గెలిచారో ఓపికగా చదివేది. ఆట పేరు దండు. ఐదుగురేసి రెండు జట్లుగా చేరి, తుపాకులతో ఒకరి కోటను మరొకరు పట్టుకునే ఆట. అందులోని ఇరవై ఇద్దరు యోధుల బలాబలాలను సరితూచడం ఫెబా ఉద్యోగం. ఒకరి గుండు మరీ గట్టిగా తగులుతుంటే కాస్త తగ్గించేది. మరొకరు మరీ త్వరగా కూలిపోతుంటే ప్రాణం కొంచెం పెంచేది. ఆరేళ్లుగా అదే పనిలో ఉన్నందువల్ల అంకెల వెనుక ఆమెకు ముఖాలు కనిపించేవి.

పట్టికలో అట్టడుగు వరుస ఎప్పుడూ మిణుగురుదే. భుజాన చిన్న దీపం మోసే సన్నపాటి యువతి ఆమె. చాటున పొంచి ఉన్న శత్రువులను తన జట్టుకు చూపించడం ఆమె విద్య. చేతిలోని తుపాకి నామమాత్రం. ప్రాణం తక్కినవారిలో సగం. వంద పోటీలు జరిగితే ఒక్కదానిలో ఆమెను ఎంచుకోవడం గగనం.

ఎవరూ పిలవని యోధులు ఆటలోంచి బయటికి రావడం ఆ ఆఫీసులో మామూలే. తక్కినవారు మెట్లు దిగి, టీ తాగి, పిలుపు రాగానే వెళ్లిపోయేవారు. మిణుగురుకు పిలుపులు లేవు కనుక ఆ మెట్ల మీదే రోజంతా కూర్చునేది. వాచ్‌మన్ హయాత్ జాలిపడి ఒక కుర్చీ వేశాడు. అది చూడలేక, ఒక శనివారం ఫెబా ఆమెను బస్సెక్కించి, పర్చూరు దాటిన తరువాత వచ్చే తమ పల్లెకు తీసుకుపోయింది. కండక్టరు ఇద్దరికీ టికెట్లు కొట్టి, దీపం కిటికీకి తగలకుండా చూసుకోమని మాత్రం చెప్పాడు.

పల్లెలో ఫెబా అక్క రెబ్కా ఉంటుంది. తల్లిదండ్రులు పోయిన నాటి నుంచి మిరప కోతలకు వెళ్లి చెల్లెలిని పెంచింది, చదివించింది, తాను మాత్రం పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. ఇప్పుడు నలభై మూడేళ్లు. గుండెలో కవాటం చెడిపోయింది. పది చెట్లు కోస్తే చాలు, ఆయాసం కమ్ముకొస్తుంది. ఆపరేషన్‌కు శరీరం తట్టుకోదని గుంటూరు డాక్టర్లు చెప్పేశారు. ఫెబా ఆమెను తాడేపల్లికి తెచ్చి పెట్టుకుంటే తొమ్మిదో రోజునే తిరుగుప్రయాణమైంది. నాలుగు గోడల మధ్య ఊరికే కూర్చుంటే గుండె చప్పుడు ఇంకా గట్టిగా వినపడుతోందని, చేలో పదిమంది మాటల్లో పడితే వినపడదని ఆమె వాదన.

ఆ ఊరి కోత ముఠాలో ఒక ఆచారం ఉంది. ఒంటరిగా ఒక సాలు కోయలేని ఇద్దరిని జతచేసి, ఒకే సాలుకు చెరో పక్కన నిలబెట్టి, ఇద్దరినీ ఒక మనిషిగా చూస్తారు. దాన్ని సగం సాలు అంటారు. జతలో ఒకరు రాకపోతే రెండోవారికి ఆ రోజు పని లేదు. ముఠా ఆటో ఆ ఇంటి ముందు ఆగదు. రెబ్కా జతగా ఉన్న ముసలావిడ క్రిస్మస్‌కు ముందు కన్నుమూసింది. నాటి నుంచి రెబ్కా అరుగు మీద కూర్చుని, తన ముందు నుంచి వెళ్లిపోయే ఆటోను చూస్తోంది.

ముఠా మేస్త్రి సుబ్బరావమ్మ మిణుగురు చేతులు పట్టుకుని తిప్పి చూసింది.

"ఏందే రెబ్కా, ఈ పిల్ల చేతులు అరటినారలాగున్నాయి?"

"నా గుండెకి ఆ చేతులు చాల్లే మేస్త్రమ్మా. సగానికి సగం సరిపోయాం."

మర్నాటి నుంచి ఆటో ఆగింది. ఇద్దరూ చీర మీద మగవాళ్ల పాత చొక్కాలు తొడుక్కుని, తలకు తువాలు చుట్టుకుని, ఒకే సాలులో ఎదురెదురుగా కోసేవారు. మిణుగురుకు ఆటలో ఎప్పుడైనా పిలుపు వస్తే, చేతిలోని కాయలు నడుముకు కట్టుకున్న ఒడిలో వేసి, సన్నగా మసకబారి మాయమై, పది నిమిషాలకు తిరిగి వచ్చేది. గెలిచావా అని ఆడవాళ్లు అడిగేవారు. ఓడామని చెప్పేది. పోనీలే, నీళ్లు తాగమని ఎవరో చెంబు అందించేవారు.

ఫిబ్రవరిలో కంపెనీ పెద్ద లక్ష్మీకాంత్ సమావేశం పెట్టారు. ఆయన మృదుస్వభావి, చేదు మాటను కూడా మెత్తగా చెప్పేవారు. ఎవరూ వాడని పాత్రను మోయడం ఆటకు భారమని, మార్చి విడుదలలోగా మిణుగురు నిలదొక్కుకోకపోతే తొలగించక తప్పదని చెప్పారు. ఆటలో లేనివారు బయట కూడా ఉండరన్నది ఆ గదిలో అందరికీ తెలుసు.

ఫెబా మొదట తుపాకి బలం పెంచి చూసింది. ఆ సాయంత్రమే అక్క ఫోన్ చేసింది. మిణుగురు వేళ్లు ఇనుములా బిగుసుకుపోయి, కాయతో పాటు కొమ్మ కూడా విరిగి వస్తోందని, రైతు వీరబాబు గొడవ పెట్టుకున్నాడని ఫిర్యాదు. ఫెబా ఆ అంకెను వెనక్కి తీసుకుంది. రెండోసారి నడక వేగం పెంచింది.

"ఏం చేశావే ఫెబా? ఆ పిల్ల సాలు చివర ఉంది, నేను మొదట్లోనే ఉన్నా. మాట్లాడుకుందామన్నా వినపడట్లా."

దాన్నీ వెనక్కి తీసుకుని, మూడోసారి ప్రాణం పెంచింది. అది అన్నింటికన్నా చేటు చేసింది. మిట్టమధ్యాహ్నమైనా మిణుగురు అలసిపోకపోవడం చూసి సుబ్బరావమ్మ మురిసిపోయి, ఆమెకు ఒక నిండు సాలు అప్పగించింది. ఆ మరునాడు రెబ్కా ఇంటి ముందు ఆటో ఆగలేదు. ఫెబా ఆ అంకెను కూడా తుడిచేసి, సెలవు పెట్టి ఊరికి వెళ్లింది.

గట్టు మీద కూర్చుని రోజంతా చూసింది. అక్క ఆయాసంతో ఆగినప్పుడు మిణుగురు ఆగలేదు. ఆమె చెయ్యి చెట్టు మీదుగా అవతలి పక్కకు వెళ్లి, అక్క వైపు కాయలు కూడా కోసింది. మిణుగురు డస్సిపోయి చతికిలబడినప్పుడు అక్క చెయ్యి ఇటు వచ్చింది. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. సాలు మాత్రం ఆగకుండా సాగిపోయింది.

భోజనాల వేళ ఫెబా అక్కకు ఉన్నమాట చెప్పింది. మిణుగురు నిలదొక్కుకుంటే వేలమంది ఎంచుకుంటారు, ఇక చేలోకి రావడానికి తీరిక ఉండదు. నిలదొక్కుకోకపోతే తీసేస్తారు.

"తీసేస్తే ఎక్కడికి పోద్ది?"

"ఎక్కడా ఉండదక్కా."

రెబ్కా కంచంలో అన్నం కలిపింది. "అయితే బలం పెట్టవే. నా సంగతి మేస్త్రమ్మ చూసుకుంటదిలే."

మేస్త్రమ్మ ఏమీ చూసుకోదని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ మాటతో ఇద్దరూ అన్నం తిన్నారు.

ఆఫీసుకు తిరిగి వచ్చి ఫెబా ఈసారి అంకెలు ముట్టుకోలేదు. ఒక నియమం రాసింది. మిణుగురు పక్కన జట్టులో ఎవరైనా వచ్చి నిలిస్తే ఇద్దరి ప్రాణం ఒకటవుతుంది. తగిలిన దెబ్బను ఇద్దరూ పంచుకుంటారు. ఒకరు పోరాడుతున్నంతసేపు రెండోవారు కోలుకుంటారు. ఒంటరిగా ఉంటే మాత్రం ఆమె మునుపటి మిణుగురే. ఆటను పరీక్షించే నస్రత్ అంతా ఆడి చూసి, మధ్యలో జత మార్చుకోవచ్చా అని అడిగింది. ఫెబా ఆలోచించకుండానే, తనకు పుట్టినప్పటి నుంచి తెలిసిన జవాబు చెప్పింది. జత కుదిరాక విడదీయకూడదు. నస్రత్ దాన్ని కూడా నియమంలో చేర్చింది.

మార్చి రెండో గురువారం పదకొండు గంటలకు కొత్త ఆట విడుదలైంది. మధ్యాహ్నానికి మిణుగురు లేని జట్టు లేదు. లక్ష్మీకాంత్ గారు స్వయంగా ఫెబా బల్ల దగ్గరికి వచ్చి అభినందించి వెళ్లారు. అక్కకు చెబుదామని ఆమె ఫోన్ చేస్తే, ఎత్తినది సుబ్బరావమ్మ.

"మీ అక్క లేదమ్మా. ఆ పిల్లకి పిలుపొచ్చే టయానికి ఇద్దరూ ఒకే చెట్టు మీద చేతులేసి ఉన్నారు. ఆ పిల్లతోపాటే మీ అక్కా పోయింది. ఒడి కూడా ఇప్పలా." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "చెప్పులు, క్యారేజీ నాకాడున్నాయి. ఒకమాట అంటా, కోపం తెచ్చుకోమాకు. నువ్వొక్కనాడు వచ్చి ఆ రెండో పక్కన నిలబడి ఉంటే, పరాయి పిల్ల కావాల్సొచ్చేదా?"

ఫెబా ఫోన్ పెట్టేసేసరికి నస్రత్ పిలుస్తోంది. తెర మీద, కోటగోడ వారగా, మిణుగురు పక్కన ఒక ఆడమనిషి నిలబడి ఉంది. చీర మీద వెలిసిన చొక్కా, తలకు తువాలు, చేతిలో తుపాకి లేదు. ఈవిడను ఎవరు గీశారో గానీ చాలా బాగుందని నస్రత్ అంది. నాలుగడుగులు వేసి ఆ మనిషి రాయి మీద కూర్చుని, గుండె మీద చెయ్యి వేసుకుంది. మిణుగురు కూడా ఆగింది. ఇద్దరినీ అక్కడే కాల్చేశారు. కాసేపటికి మళ్లీ లేచారు, మళ్లీ నాలుగడుగులకే రెబ్కా కూర్చుంది.

ఫెబా పట్టిక తెరిచింది. అడుగున ఇరవై మూడో వరుస వచ్చి ఉంది. పేరు గడి ఖాళీ. ప్రాణం అందరిలో పావు వంతు.

ఏ డాక్టరూ ముట్టుకోలేనన్న చోటు ఇప్పుడు ఆమె వేలి కింద ఉంది. కానీ ఆ గడిని అలాగే వదిలేస్తే ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు. ఇంత బలహీనమైన జతను పది రోజుల్లో ఆటగాళ్లు వదిలేస్తారు. అప్పుడు ఇద్దరికీ తీరిక దొరుకుతుంది. ఏదో ఒక మధ్యాహ్నం రెబ్కా ఆ మెట్లు దిగి వస్తుంది, అదే ఆయాసంతో. బస్సెక్కించి ఇంటికి తీసుకుపోవచ్చు. ఆమె ఉన్నన్నాళ్లు పక్కన ఉండవచ్చు.

పావుగంట ఆమె ఆ గడి ముందు కూర్చుంది. ఆ పావుగంటలో అక్క తొమ్మిదిసార్లు రాయి మీద కూర్చుంది, తొమ్మిదిసార్లు గుండె పట్టుకుంది.

ఫెబా నిండు ప్రాణం రాసింది.

తెర మీద రెబ్కా రాయి మీది నుంచి లేచింది. ఒకసారి నిండుగా ఊపిరి పీల్చుకుని, ఏదో మరిచిపోయిన దానిలా ఆగి, మళ్లీ పీల్చుకుంది. కొంగు బిగించి నడవసాగింది. ఎక్కడా ఆగలేదు. పక్కనున్న మిణుగురుతో ఏదో చెప్పి నవ్వింది. ఆ మాటకు ఆటలో శబ్దం లేదు.

సోమవారం లక్ష్మీకాంత్ గారు పట్టిక చూసి, ఇరవై మూడో వరుస బలం కాస్త ఎక్కువైనట్టుంది, నలుగురితో సమంగా తగ్గిస్తే బాగుంటుందని మెత్తగా సూచించారు.

"ఆ అంకె నేను తగ్గించలేను సార్," అంది ఫెబా. "ఆవిడ మా అక్క."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. సరే, తక్కిన ఇరవై ఇద్దరినీ కొంచెం కొంచెం పెంచుకుంటూ రమ్మన్నారు. ఫెబా ఖాళీగా ఉన్న పేరు గడిలో రెబ్కా అని రాసి, ఆ వారంలో ఆమె ఎవరూ పిలవకుండా గడిపిన నిమిషాలు ఎన్ని ఉన్నాయో చూసింది. ఒక్కటి కూడా లేదు.