లిఫ్టులో మోహన

ఆ భవనంలో లిఫ్టు ఎక్కినవాళ్ళు ముందు కటకటాల తలుపు లాగుతారు, తర్వాత మీట నొక్కుతారు, ఆ తర్వాత చెవి రిక్కిస్తారు. లిఫ్టు కాస్త కదిలి, ఏవో రెండు అంతస్తుల మధ్య ఆగి, ఒక రాగం ఎత్తుకుంటుంది. మాటలుండవు, తాళం ఉండదు. స్నానాల గదిలో పెద్దమనిషి తనలో తాను పాడుకుంటున్నట్టు ఉంటుంది. లోపలున్నవాళ్ళంతా కలిసి ఒక్క నోటితో ఆ రాగం పేరు చెబితే కదులుతుంది. తలో పేరూ చెబితే కదలదు. బయటినుంచి ఎవరైనా చెబితే కదలదు, లోపలివాళ్ళే అనాలి.

మెకానిక్కు నెలకోసారి వచ్చి పట్టాలకి నూనె పెట్టి, చేతులు తుడుచుకుంటూ, "ఈమధ్య ఎక్కువగా ఏం పాడుతోందండీ? నేను కిందికి దిగాలి" అని అడిగి వెళ్ళేవాడు. సంగీతం రానివాళ్ళు మెట్లెక్కేవాళ్ళు. తొందర ఉన్నవాళ్ళు నేర్చుకున్నారు.

రెండో అంతస్తు కోడలు తొందర ఉన్నవాళ్ళలో ఒకతె. రక్త పరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం. పొద్దున్నే జనం పరగడుపున వచ్చి కూర్చుంటారు. ఆమె ఆలస్యమైతే వాళ్ళ ఆకలి, చిరాకు అన్నీ ఆమె మీదే. మోకాలి నొప్పి వల్ల మెట్లు ఆమెకి పడవు. సంగీతమంటే ఇష్టమూ లేదు, ద్వేషమూ లేదు. లిఫ్టు పుణ్యమా అని ఓ పాతిక రాగాలు మాత్రం పట్టుబడ్డాయి.

ఆమె బాధ లిఫ్టుతో కాదు, లిఫ్టులో ఉండే ఇద్దరితో.

ఒకరు ఆమె మామగారు. సర్వే ఆఫీసులో పటాలు గీసి గీసి రిటైరయ్యారు. రెండోవారు మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే పళ్ళ డాక్టరు. వీళ్ళిద్దరికీ లిఫ్టులో ఎక్కడికీ వెళ్ళే పని లేదు. పొద్దున్నే తయారై, లోపల నిలబడి, కిందికీ పైకీ తిరుగుతూ రాగాలు చెప్పుకోవడమే పని. రెండో స్వరం పడేసరికి ఇద్దరికీ పేరు తెలిసిపోతుంది. కానీ చెప్పరు.

"పేరు తెలియడం గొప్ప కాదయ్యా," అంటారు డాక్టరుగారు. "ఎందుకు ఆ పేరో చెప్పు."

"ధైవతం వాలే తీరు చూస్తే తెలియడం లేదూ?"

"వాలిందా? జారింది. వాలడం వేరు, జారడం వేరు."

"మామయ్యగారూ," అనేది కోడలు, సంచీ ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంటూ, "వాలిందో జారిందో సాయంత్రం చూసుకోవచ్చు. భైరవే కదా. అనేద్దాం రండి, ముగ్గురం కలిసి."

"ఉండమ్మా. ఈయన ఒప్పుకోవాలి కదా."

"భైరవని ఒప్పుకుంటున్నాను," అనేవారు డాక్టరుగారు. "జారిందని ఈయన ఒప్పుకోవాలి."

ఆమె కళ్ళు మూసుకుని ఊపిరి వదిలేది. అక్కడ ల్యాబు నడిపే పెద్దాయన గోడ గడియారం కేసి చూస్తూ ఉండేవాడు.

డాక్టరుగారికి క్లినిక్కు ఉండేది కానీ, అది పెద్దగా నడిచేది కాదు. కుర్చీలో పడుకున్న మనిషి నోరు తెరిపించి, అద్దం లోపల పెట్టి, ఓ కూనిరాగం తీసి, "ఏదీ, ఇదేమిటో చెప్పండి?" అనేవారు. నోరు తెరుచుకున్నవాళ్ళు ఏం చెబుతారు? "ఆ, ఆ" అనేవాళ్ళు. "ఆ కాదండీ, పేరు కావాలి" అనేవారాయన. రెండోసారి ఎవరొస్తారు?

సంగతి ఆయన చెల్లెలిదాకా వెళ్ళింది. ఆవిడ వేరే ఊళ్ళో ఉంటుంది. మాటంటే మాట. తన అల్లుడి ఆసుపత్రిలో అన్నయ్యకి ఓ కుర్చీ, తన మేడ మీద ఓ గది సిద్ధం చేసి, ఫలానా ఆదివారం సాయంత్రం రైలుకి బయల్దేరమని టిక్కెట్టు పంపించింది. వచ్చే వారంలోగా చేరకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తారు. డాక్టరుగారికి వెళ్ళాలని లేదు. అయితే చెల్లెలికి లేదని చెప్పడం ఆయనకి ఊహ తెలిసినప్పటినుంచీ చేతకాలేదు. "సరేనమ్మా" అన్నారు.

కోడలికి ఈ కబురు తెలిసినప్పుడు, దాచడం ఎందుకు, హాయిగా అనిపించింది. ఇకనుంచి వేళకి ఉద్యోగానికి వెళ్ళవచ్చు.

వెళ్ళింది కూడా. ఆ వారమంతా లిఫ్టు రాగం ఎత్తుకోవడమే ఆలస్యం, మామగారు "కానడ" అనేవారు, డాక్టరుగారు "కానడ" అనేవారు, ముగ్గురూ కలిసి అనేవారు, లిఫ్టు దిగిపోయేది. ఎందుకు కానడో ఇద్దరిలో ఎవరూ అడగలేదు. మామగారు గోడకేసి చూసేవారు, డాక్టరుగారు చెప్పులకేసి. వేళకి ముందే ల్యాబులో కూర్చున్న కోడలికి ఎందుకో ఒళ్ళు మండింది. గొడవ పడితే ఒక చిరాకు, పడకపోతే ఇంకో చిరాకు. ఇంట్లో కూర ఎలా ఉందని అడిగినా మామగారు "బాగుందమ్మా" అని ఊరుకుంటున్నారు. ఉప్పు వేయడం మరిచిపోయిన రోజు కూడా అదే మాట.

"వెళ్ళొద్దని ఒక్క మాట అనొచ్చు కదా మామయ్యగారూ," అంది శనివారం.

"అనడానికి నేనెవరినమ్మా? వాళ్ళు అన్నాచెల్లెళ్ళు."

ఆదివారం మధ్యాహ్నం వ్యాను వచ్చింది. డ్రైవరు పెట్టెలన్నీ మెట్ల మీదుగా దింపి ఎక్కించేశాడు. చివరి సూట్‌కేసు పట్టుకుని డాక్టరుగారు లిఫ్టు ఎక్కారు. సాగనంపడానికి మామగారు కూడా ఎక్కారు. చోటు లేక కోడలు ఒక్కో మెట్టూ దిగుతూ, మోకాలిని తిట్టుకుంటూ, వెనకాల వచ్చింది.

మూడో అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగింది. మోహన ఎత్తుకుంది.

మోహన. ఆ భవనంలో దాన్ని గుర్తుపట్టనివాళ్ళు లేరు. పాకే పిల్లలు కూడా దానికి తల ఊపుతారు. కోడలు మలుపు దగ్గర గోడకి ఆనుకుని, రెండు క్షణాల్లో అయిపోతుందిలే అనుకుంది.

"శుద్ధసావేరి," అన్నారు మామగారు.

ఆమె తల తిప్పి చూసింది. కటకటాల్లోంచి ఇద్దరూ నడుములదాకా కనిపిస్తున్నారు, మొహాలు కనిపించడం లేదు.

"ఛ, హంసధ్వని," అన్నారు డాక్టరుగారు.

"నిషాదం ఎక్కడుందయ్యా ఇందులో?"

"అయితే బిలహరేమో."

"మోహన అండీ," అంది కోడలు గట్టిగా. "మోహన. ఇద్దరూ ఒక్కసారి అనండి. రైలుకి టైమవుతోంది."

"నీకు తెలియదమ్మా, ఊరుకో," అన్నారు మామగారు. "ఇది చాలా చిక్కు రాగం."

"మావాడు చెప్పింది నిజమే," అన్నారు డాక్టరుగారు. "తోడి అయినా కావచ్చు."

మోహనని పట్టుకుని తోడి అనడమంటే, పాలగ్లాసు చూపించి సిరా అనడమే. మెట్లు తుడిచే ఆవిడ కూడా ఆ మాట అనదు. ఏళ్ళ తరబడి వాలిందా జారిందా అని కొట్టుకున్న మనుషులు, ఒక తప్పు జవాబు వింటే పళ్ళు పులిసినట్టు మొహం పెట్టే మనుషులు, ఒకరి తర్వాత ఒకరు తప్పు చెబుతున్నారు. అసలు పేరు మాత్రం ఇద్దరిలో ఎవరూ అనడం లేదు.

కోడలు మెట్టు మీద కూర్చుండిపోయింది. కింద డ్రైవరు హారన్ కొట్టాడు.

లోపల డాక్టరుగారి ఫోను మోగింది. మోగి మోగి ఆగింది. కాసేపటికి కోడలి ఫోను మోగింది.

"ఏమ్మా, నేను డాక్టరుగారి చెల్లెల్ని. నీ నంబరు అన్నయ్యే ఇచ్చాడు. అన్నయ్య ఫోను తీయడం లేదేం? బయల్దేరాడా?"

"లిఫ్టులో ఉన్నారండీ," అంది కోడలు. "రాగం తెలియక ఆగిపోయారు."

"అన్నయ్యకి తెలియని రాగమా?"

కోడలు ఒక్క క్షణం కటకటాలకేసి చూసింది. లోపల రెండు జతల కాళ్ళూ కదలకుండా ఉన్నాయి.

"చాలా కష్టమైందండీ," అంది. తనమీద తనకే ఒళ్ళు మండింది.

"ఏదీ, ఫోను దాని దగ్గర పెట్టు. మేమిద్దరం ఒకే గురువు దగ్గర నేర్చుకున్నాం. నేను చెప్తాను."

ఇక చేసేదేముంది? ఆమె లేచి, మోకాలు పట్టుకుని నాలుగు మెట్లెక్కి, ఫోను కటకటాలకి ఆనించింది. లిఫ్టు మోహన ఆపేసింది. ఎవరూ పేరు చెప్పకుండా రాగం వదలడం దానికి అలవాటు లేదు. చిన్న కుదుపు కుదిపి, ఇంకోటి ఎత్తుకుంది. నెమ్మదిగా, రిషభం దగ్గర ఊగుతూ, గాంధారం మీద నిలవాలా వద్దా అని సందేహిస్తూ.

"దర్బారు," అంది ఫోను, వెంటనే.

"కాదు," అన్నారు డాక్టరుగారు. "నాయకి."

ఆవిడకి అన్నయ్య నోట 'కాదు' అన్న మాట ఇదివరకు ఎప్పుడూ వినబడి ఉండదు.

"ఏమన్నావు అన్నయ్యా?"

"కాదన్నాను. ఇది నాయకి."

"గాంధారం వింటున్నావా అసలు? సాగుతోంది చూడు."

"రిషభాన్ని వదిలితే కదమ్మా గాంధారం! రిషభం దగ్గరే ఊగుతోంది అంతా."

"నువ్వు నాకు చెప్పొచ్చావా? గురువుగారు నీచేత రాగం పాడించి నాచేత పేరు చెప్పించేవారు, గుర్తుందా?"

"గుర్తుంది. నువ్వు తప్పు చెప్పినా నేను ఊరుకునేవాణ్ణి. అది కూడా గుర్తుంది."

మామగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, పరిచయం లేకుండా మాట్లాడుతున్నాను, ఏమీ అనుకోకండి. నాకు మాత్రం దర్బారే అనిపిస్తోంది."

"చూశావా?" అంది చెల్లెలు. "ఎవరో పెద్దాయన, వినికిడి జ్ఞానం ఉన్నవారు, చెబుతున్నారు."

"పటాలు గీసే మనిషికి రాగం ఏం తెలుసు?" అన్నారు డాక్టరుగారు. ఆ గొంతులో వారం రోజులుగా లేని ఉత్సాహం.

ఇక మొదలైంది. ఫోను ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ కోడలు నిలబడింది. ఆ చెయ్యీ లాగింది. ఆవిడ పాడి చూపించింది. ఈయన పాడి చూపించారు. మామగారు ఇద్దరికీ అడ్డం పడ్డారు. లిఫ్టు ఎవరినీ పట్టించుకోకుండా తన పాటికి తాను ఊగుతూనే ఉంది. డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ మానేశాడు. మెట్ల కిటికీలోంచి ఎండ ఒక గోడనుంచి ఇంకో గోడకి జరిగింది. స్టేషను దాకా వెళ్ళడానికి పట్టే సమయం కూడా గడిచిపోయింది. ఆ సంగతి అందరికంటే ముందు తెలిసింది కోడలికి. ఆమె చెప్పలేదు.

"సరే అన్నయ్యా," అంది చివరికి చెల్లెలు, రొప్పుతూ. "టిక్కెట్టు పోతే పోయింది. ఆ కుర్చీ ఎవరికిచ్చుకుంటారో ఇచ్చుకోనీ. దర్బారని ఒప్పుకున్న రోజే నా గుమ్మం ఎక్కు. అంతవరకు రావద్దు."

"ఒప్పుకోను," అన్నారు డాక్టరుగారు.

ఫోను కట్టయింది.

లిఫ్టు పాడుతూనే ఉంది. లోపల ఎవరో ముక్కు చీదుకున్నారు. తర్వాత రెండు గొంతులు కలిసి, మెల్లగా, పాఠం అప్పజెప్పే పిల్లల్లా, "నాయకి" అన్నాయి.

లిఫ్టు కదిలింది. కిందికి కాదు, పైకి.

కోడలు రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి కిందికి వెళ్ళింది. డ్రైవరు వ్యానుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"అన్నీ దించేయి బాబూ," అంది.

"అదేంటండీ? రాగం తేలలేదా?"

"తేలదు."

అతను ఇంకా ఏదో అడగబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. వెళ్ళి వ్యాను వెనక తలుపు తెరిచాడు. ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, అన్నిటికంటే బరువైన పెట్టె ఒక కొస పట్టుకుంది.

"ఊఁ, ఆ కొస నువ్వు పట్టుకో," అంది. "మూడో అంతస్తు. ఆ ఇద్దరూ లిఫ్టు దిగుతారన్న ఆశ పెట్టుకోకు."