ఎర్రదీపం వెలిగిన చోటు

రిసీవర్ బోర్డు మీద మళ్లీ ఎర్రదీపం వెలిగింది. వచ్చే డేటాలో ఒకట్లూ సున్నాలూ దాదాపు సమానంగా ఉండాలి; ఆ తూకం తప్పిందని దాని గోల. స్క్రీన్ మీద ఆ చోటు చూస్తే అంతా శుభ్రంగానే ఉంది. నాకు ఒళ్లు మండింది.

"ఉత్తపుణ్యానికి అరుస్తోంది సార్."

"తప్పు ఇక్కడ జరగలేదమ్మా," అన్నారు మా సీనియర్. "వెనకెక్కడో ఒక బిట్ తారుమారైంది. అప్పుడు పట్టుబడలేదు. ఆ తేడా మోసుకుంటూ వచ్చి ఇక్కడ బయటపడింది. వెనక్కెళ్లి వెతుకు."

ఇంతలో ఆయన బావమరిది ఫోన్ చేశాడు. ఆయన భార్య పుట్టింటికి వెళ్లిపోయిందని ఆఫీసంతటికీ తెలుసు.

"ఏముందిరా? తడి తువ్వాలు మంచం మీద పడేశాను. అంతే! ఆ కాస్తదానికే పెట్టె సర్దుకోవాలా మీ అక్క?"

కాసేపు అవతలి మాట విన్నారు. "ఇక రాదా?" అన్నారు.

నేను తలెత్తలేదు. స్క్రీన్ మీద వెనక్కి, ఇంకా వెనక్కి వెతుకుతూనే ఉన్నాను.