పెంటవ్వ పాదాలు

ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయాక పుట్టింది ఇది. ఇదైనా దక్కాలని పెంటకుప్ప మీద పడుకోబెట్టాం. పొరుగింటి ఐలవ్వ ఎత్తుకుంటే, చాటెడు నూకలిచ్చి ఆమె దగ్గర మళ్లీ కొనుక్కున్నాం. అందుకే పెంటవ్వ అని పేరు. రెండేళ్లు నిండినా నేను చంక దించలేదు.

మంచిర్యాల నుంచి ఆడబిడ్డ కొమురవ్వ పిల్లలతో వస్తే, అందరం బండి కట్టుకుని కుంటాల జలపాతం చూడబోయాం. ఆమె పిల్లలు నీళ్లలో ఒకటే గంతులు.

"జర దించు వదినె, కాళ్లు తడుపుకోనీ."

"వద్దు, జారుతది."

"నీ బిడ్డేమన్న ఉప్పుబొమ్మనా, కరుగతందుకు?"

అందరూ నవ్వారు. సిగ్గేసి, చీలమండ లోతు నీళ్లలో దించాను. పెంటవ్వ నిలబడలేదు. కాళ్లు ముడుచుకుని నా చీర పట్టుకుని ఏడ్చింది.

కొమురవ్వ నవ్వు ఆగిపోయింది. "ఇంక నడక రాలేదా?"

"నేనే రానియ్యలే" అన్నాను.

మా ఆయన తల వంచుకున్నాడు. బిడ్డను ఎత్తుకోబోయి చేతులు ఆపుకున్నాను. అది ఏడుస్తూనే ఉంది. ఆ నీళ్లలోనే కూలబడి, దాని మెత్తటి పాదాలను నా అరచేతుల మీద ఆనించుకున్నాను.