నరాలు లేని గుడ్డు

1963 జనవరిలో, ప్రేమలీల రాసి పంపిన ప్రయోగానికి జవాబుగా ప్రొఫెసర్ పద్మనాభయ్యగారి ఉత్తరం వచ్చింది. "గుడ్డులో నరాలే ఉండవు. అక్కడ ఎసిటైల్‌కోలిన్‌కు పనేముంటుంది? మీరు వాడిన నీళ్లు చెడి పిండాలు చచ్చి ఉంటాయి. ఈ దారి మానుకోండి" అని రాశాడాయన.

ప్రేమలీల నెల్లూరు కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటరు. నరం నుంచి కండకు కబురు మోసే రసాయనం ఎసిటైల్‌కోలిన్ అని ఏటా ఆమె చెప్పే పాఠమే. ఆ రసాయనాన్ని శరీరం విరగ్గొట్టకుండా అడ్డుకునే మందు ఎసెరిన్. కంటి జబ్బుకు వాడతారు. సముద్రపు ముళ్లకాయ అనే జీవి గుడ్ల మీద ఆ చుక్కలు వేస్తే ఎదుగుదల ఆగిపోవడం ప్రేమలీల కళ్లారా చూసింది. రసాయనమే లేకపోతే ఆగడమెందుకు?

నీళ్లు చెడ్డాయన్న మాటకు జవాబు మైపాడు సముద్రపు ఒడ్డునే దొరకాలి. ఆ ఆదివారమే మైక్రోస్కోపును ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. వలలో పడ్డ ముళ్లకాయలను ఆమె కోసం దాచిపెట్టే హజరత్తయ్య ఇంటి అరుగు మీద మూడు గిన్నెలు సర్దింది. ఒకదానిలో వట్టి సముద్రపు నీళ్లు. రెండోదానిలో మందు. మూడోదానిలో మందు వేసి, కొన్ని గంటలాగి కడిగెయ్యాలి. కడిగాక పిండాలు మళ్లీ ఎదిగితే, అవి చావలేదనీ మందే ఆపిందనీ తేలుతుంది.

హజరత్తయ్య భార్య ఆదిశేషమ్మ పక్కనే కూర్చుని చూస్తోంది. ప్రేమలీల ఆమెను మైక్రోస్కోపులోకి చూడమంది.

"ఒకటి రెండయిందే! రెండు నాలుగు! ఇంక ఎప్పుడు ఆగుతాదమ్మా?"

"ఎక్కడ ఆగాల్నో వాటికి కబురొస్తాది అక్కా. ఆ కబురు అందకపోతే పెరుగుతానే ఉంటాయి. కాన్సరు గడ్డ అట్టాంటిదే."

ఆదిశేషమ్మ లేచింది. ప్రేమలీలను లోపలికి పిలిచి, తలుపు వేసి, రవిక పక్కకు తీసింది. ఎడమ రొమ్ములో నిమ్మకాయంత గడ్డ.

"ఎన్నాళ్లనించి?"

"తిరనాళ్లప్పటినించి. ఎవురికీ చెప్పలే. ముందు నీ గిన్నెల పని కానీ, పంతులమ్మా."

మూడో గిన్నె కడగాల్సిన గంట దగ్గరపడుతోంది. వారం దాటితే ముళ్లకాయల్లో గుడ్లు ఉండవు, మళ్లీ ఏడాది ఆగాలి. ప్రేమలీల బయటికొచ్చి మూడు గిన్నెలూ ఇసుకలో ఒంపేసింది.

"బట్టలు సర్దుకో అక్కా. ఈ బస్సుకే పోతాండాం" అంది. హజరత్తయ్య బిత్తరపోయి చూశాడు. అతనికి రెండు మాటల్లో చెప్పి, ముగ్గురూ నెల్లూరు ఆసుపత్రికి వెళ్లారు. ఆపరేషన్‌కు ముందు హజరత్తయ్య జడిసి ఇంటికి పోదామంటే, ప్రేమలీలే అడ్డంగా నిలబడింది. గడ్డతోపాటు రొమ్ము తీసేశారు. ఆదిశేషమ్మ బతికి ఇల్లు చేరింది.

మరుసటి జనవరిలో ప్రేమలీల మళ్లీ ఆ అరుగు మీద కూర్చుంది. మందు గిన్నెలో పిండాలు ఉన్నచోటే నిలిచిపోయాయి. కడిగిన గిన్నెలో కొద్దిసేపు ఏ మార్పూ లేదు. తెల్లవారాక చూస్తే చాలా పిండాలు నీళ్లలో గిరగిరా తిరుగుతూ, మళ్లీ ఎదుగుతున్న గుర్తుగా లోపలికి ముడుచుకుంటున్నాయి. మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అంతే. బొమ్మలు గీసి ప్రొఫెసర్ గారికి పంపితే, "నేను తొందరపడ్డాను. ప్రచురించండి" అని జవాబు రాశాడు.

ఆదిశేషమ్మకు ఆ ఉత్తరం చదివి వినిపించి, నరాలు లేని గుడ్డులోనూ కబురు మోసే రసాయనం ఉన్నట్టేనని చెప్పింది.

"అట్టయితే నా గడ్డలో గూడా ఆ కబురు మోసేదే ఉండిందా?"

"తెలీదక్కా. ఎవురూ చూసినట్టు లేదు."

"నువ్వు చూడు మరి."

ప్రేమలీల అక్కడే కాగితం తీసి, కోసిన గడ్డల్లోంచి చిన్న ముక్కలు తనకు ఇప్పించమని, ఆదిశేషమ్మకు ఆపరేషన్ చేసిన సర్జన్‌కు ఉత్తరం మొదలుపెట్టింది.