తోడల్లుడి టీవీ, నా రేడియో

నా తోడల్లుణ్ణి వీధంతా కోచ్ అని పిలుస్తుంది. ఆ పెద్దమనిషి జన్మలో ఒక్కసారి కూడా బంతిని తన్నిన పాపాన పోలేదు. తన్నింది నా కడుపు మీదే. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత ఆట సంగతికి వస్తాను.

మా మామగారిది సెలూన్. ఒకే గది. రోడ్డు వైపు అద్దాల తలుపు, వెనక పక్కసందులోకి ఒక చిన్న తలుపు. ఆరో తరగతిలో బడి మానేసి నేను అక్కడ చీపురు పట్టాను. కొన్నాళ్ళకి కత్తెర పట్టాను. ఆ తర్వాత ఆయన పెద్దకూతురి చెయ్యి పట్టాను. ముందు భాగం నీదేరా అని మామగారు నాతో ఎన్నిసార్లు అన్నారో ఆ గోడల్ని అడగాలి. తర్వాత చిన్నల్లుడు వచ్చాడు. ఎక్కడో కోర్సు చేసి, ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్టుతో సహా దిగాడు. మామగారు మంచాన పడ్డప్పుడు నేను షాపులో నిలబడి గడ్డాలు గీస్తుంటే, వాడు ఇంట్లో కూర్చుని ఆయన కాళ్ళు పట్టాడు. కాళ్ళు పట్టినవాడికి ముందు భాగం, షాపు నిలబెట్టినవాడికి వెనక భాగం. కాగితాల మీద అలాగే రాశారు.

మధ్యలో ప్లైవుడ్ గోడ లేచింది. వాడికి రోడ్డు, వెలుతురు, కొత్త గిరాకీ. నాకు సందు, ట్యూబులైటు, మురుగు కాలవ. చేతులు కడుక్కునే సింకు నా వైపే ఉండిపోయింది కాబట్టి ప్లైవుడ్‌లో మనిషి పట్టేంత ఖాళీ వదిలారు. వాడు రోజుకు ఇరవైసార్లు ఆ ఖాళీలోంచి వచ్చి నా సింకులో చెయ్యి కడుక్కుని, "నీ వైపు గాలి బాగా వస్తుందన్నయ్యా" అని తడిచేతులు విదిలించి పోయేవాడు. నా మీద పడ్డ ఆ చుక్కలన్నీ లెక్క పెట్టుకుంటూనే ఉన్నాను.

ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు మొదలవగానే వాడు గోడంత టీవీ కొన్నాడు. సాయంత్రమయ్యేసరికి ముందు భాగం కిటకిటలాడేది. మా వీధిలో దేశాల పేర్లు ఎవరికీ నోరు తిరగవు. చొక్కా రంగే జట్టు పేరు. పసుపువాళ్ళు, ఎర్రవాళ్ళు, నీలంవాళ్ళు. వాడు అద్దం ముందున్న బల్లనే మైదానం చేసేవాడు. పౌడరు డబ్బా గోల్‌కీపరు. నలుగురు డిఫెండర్లు నాలుగు దువ్వెనలు. నీళ్ళ స్ప్రే సీసా మధ్యలో ఆడేవాడు. పసుపువాళ్ళ డిఫెన్సు మరీ పైకి వచ్చేసిందనీ, వెనక చోటు వదిలేస్తోందనీ, తన జట్టైన ఎర్రవాళ్ళు ఆ చోటులోకి పొడుగు బంతి వేస్తే పని అయిపోతుందనీ దువ్వెనలు జరిపి జరిపి చెప్పేవాడు. జుట్టు సగమే కత్తిరించుకున్నవాళ్ళు కూడా మెడకు గుడ్డ కట్టుకునే లేచి వచ్చి చూసేవాళ్ళు. బస్సు కండక్టరు ఒకాయన ఉండేవాడు, వాడికి పెద్ద శిష్యుడు. కోచ్‌ని ఎర్రవాళ్ళు తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టుకుంటే కప్పు వాళ్ళదేనని అనేవాడు. కోచ్ సిగ్గుపడినట్టు నవ్వేవాడు. ఆ నవ్వు చూడ్డానికి నేను పని మధ్యలో తల తిప్పేవాణ్ణి. చేతిలో కత్తి, కత్తి కింద ఎవరిదో గొంతు.

నాకు టీవీ లేదు, జేబులో పట్టే పాత రేడియో ఉంది. అందులో కామెంటరీ పెట్టుకుని నా నలుగురు గిరాకీలతో నేనుంటే, వాడు సింకు దగ్గరికొచ్చి, కస్టమర్లకి ఇబ్బందిగా ఉంది, సౌండు తగ్గించుకో అన్నయ్యా అన్నాడు. నా చోటులో నా రేడియోకి కూడా వాడి పర్మిషను. సరే తమ్ముడూ అని ఇయర్‌ఫోన్ కొన్నాను.

కొన్న సాయంత్రమే సంగతి బయటపడింది. చెవిలో కామెంటరీ చెప్పేవాడు గోల్ అని గొంతు చించుకున్నాడు. ఖాళీలోంచి చూస్తే, వాడి టీవీలో ఆ ఆటగాడు ఇంకా బంతి కింద గడ్డి సర్దుకుంటున్నాడు. నేను ఒక చెంప గీసి కత్తి తుడుచుకున్నాక అక్కడ గోలయింది. వాడి ఆట ఇంటర్నెట్‌లో చుట్టూ తిరిగి వస్తుందట, నాది గాల్లోంచి నేరుగా వస్తుందట. అంతకుమించి నాకు తెలియదు, అక్కర్లేదు కూడా. దేవుడు ఇన్నాళ్ళకి నా వైపు కన్నెత్తి చూశాడు అనుకున్నాను.

ముందే గోల్ గోల్ అని అరిచి వాడి ఆట పాడుచేద్దామనుకున్నాను మొదట. కానీ అలా చేస్తే నన్ను తిట్టి ఊరుకుంటారు. వాడి టీవీ పోతే ఇంకో టీవీ వస్తుంది. పోవాల్సింది వాడి పేరు. చెవిపోటని చెప్పి తలకు మఫ్లరు చుట్టాను. వైరు చొక్కాలోంచి జేబులోని రేడియో దాకా.

పరిగెత్తే ఆటలో నోరు విప్పేవాణ్ణి కాదు. బంతి ఆగి ఉన్నప్పుడే, కార్నరో ఫ్రీకిక్కో అయినప్పుడే, చేతులు తుడుచుకుంటూ ఆ ఖాళీలో నిలబడేవాణ్ణి. మొదటిరోజు కోచ్ స్ప్రే సీసాను ముందుకు జరిపి, ఈ కార్నరు దగ్గరి స్తంభం వైపే వస్తుంది, వేరే దారి లేదు అని పాఠం చెబుతున్నాడు. నేను మెల్లిగా అన్నాను, దూరపు స్తంభం దగ్గర ఆ బట్టతలవాడు తలతో కొడతాడని. అందరూ నవ్వారు. బట్టతలవాడు తలతో కొట్టాడు. గోల్.

కండక్టరు నా వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ ఆ చీకట్లో ఏం చేస్తున్నావయ్యా నువ్వు?" అన్నాడు.

గడ్డాలు గీస్తున్నానన్నాను.

నాలుగు ఆటలయ్యేసరికి నా పేరు మాస్టారయింది. నేను ఖాళీలోకి రాగానే తలలన్నీ ఇటు తిరిగేవి. కోచ్ దువ్వెనలు జరిపినా చూసే దిక్కు లేదు. వాడి కుర్చీలో కూర్చోవాల్సినవాళ్ళు లేచి వచ్చి నా కుర్చీ కోసం సందులో నిలబడ్డారు. మురుగు కాలవ వాసన ఎవరికీ గుర్తు రాలేదు. మా ఆవిడకు మాత్రం అనుమానం వచ్చింది. చిన్నప్పట్నించీ నిన్ను చూస్తున్నాను, నీకు ఆటలో గోలేదో అవుటేదో తెలియదు, ఇదేం చోద్యం అని నిలదీసింది. దానికీ చెప్పలేదు. చెబితే చెల్లెలి చెవిన వేస్తుంది. కోచ్ ముఖం రోజురోజుకీ పీక్కుపోతుంటే నాకు మాత్రం అన్నం సయించసాగింది.

సెమీఫైనల్ రోజున పసుపువాళ్ళూ ఎర్రవాళ్ళూ చెరొక గోలు మీద ఉన్నారు. ఆట ఇక ముగుస్తుందనగా ఎర్రవాళ్ళకి పెనాల్టీ ఇచ్చారు. పసుపువాళ్ళు రిఫరీ చుట్టూ మూగి తగువు పెట్టుకున్నారు. ఆ తగువు సాగుతుండగా కోచ్ నోరు జారాడు. అన్నయ్యది తెలివి కాదు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు రెండుసార్లు తగిలింది అన్నాడు, అందరి ముందూ.

ఇదే అదను. నేను ఖాళీ దాటి వాడి వైపు నేల మీద కాలు పెట్టాను.

"అయితే పందెం కాయి తమ్ముడూ. నీ ముందు భాగం, నా వెనక భాగం. ఈ పెనాల్టీ గోలో కాదో చెబుదాం. ఓడినవాడు తాళమిచ్చి బయటికి పోవాలి."

వాడు తగ్గుతాడేమోనని భయపడ్డాను. కానీ ఇన్నాళ్ళూ వాడి మాట విన్న మనుషులంతా వాడి ముఖమే చూస్తున్నారు. కండక్టరు మధ్యవర్తినన్నాడు. తర్వాత కాగితాల్లో కూడా ఆ మాటే నిలబడాలి, ఎవరైనా వెనక్కి పోతే ఈ వీధిలో వాడి చేత ఎవడూ గడ్డం గీయించుకోడు అన్నాడు.

"సరే. నువ్వే ముందు చెప్పన్నయ్యా," అన్నాడు కోచ్.

నాకు కావాల్సిందీ అదే. తువ్వాలు మడిచాను. మళ్ళీ విప్పి మడిచాను. టీవీలో ఇంకా తోపులాట నడుస్తోంది. నా చెవిలో ఈల మోగింది, ఎర్రవాడు పరిగెత్తాడు, కొట్టాడు, కీపరు ఎడమవైపు దూకి ఆపేశాడు.

"గోల్ కాదు. కీపరు ఎడమవైపు దూకి ఆపుతాడు," అన్నాను.

కోచ్‌కి మిగిలింది ఒకే మాట. గోలన్నాడు.

టీవీలో ఎర్రవాడు వచ్చాడు, కొట్టాడు. కీపరు ఎడమవైపే దూకాడు, ఆపేశాడు. నన్ను భుజాల మీద ఎత్తడమొక్కటే తక్కువ, ఆ కేకల్లో చెవిలో కామెంటరీ ఏమంటోందో నాకు వినపడలేదు. కోచ్ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. తాళం అన్నాను, చెయ్యి చాపి. అక్కడితో ఊరుకుంటే ఈ కథ రాసే అవసరమే ఉండేది కాదు. కానీ ఏ కర్రతో కొట్టానో వాడికి తెలియకపోతే కొట్టిన సుఖం ఏముంది? మఫ్లరు విప్పాను. చెవిలోంచి వైరు పీకి వాడి ముక్కు ముందు ఆడించాను.

"సౌండు తగ్గించుకోమన్నావుగా తమ్ముడూ. తగ్గించుకున్నాను. నీ టీవీ కంటే ముందు నా చెవికి వస్తుంది ఆట. ఇన్నాళ్ళూ నీ దువ్వెనల్ని ఓడించింది నువ్వు నోరు మూయించిన రేడియోనే."

కండక్టరు నోరు తెరిచి నన్నూ వైరునూ చూశాడు. కోచ్ మాత్రం నన్ను చూడటం లేదు, టీవీ చూస్తున్నాడు.

"కొట్టకముందే కీపరు రెండు కాళ్ళూ గీత దాటాయి. ఆ తన్ను చెల్లదు. మళ్ళీ కొట్టిస్తారు," అన్నాడు.

రిఫరీ చెవి మీద వేలు పెట్టుకుని ఎవరి మాటో వింటున్నాడు. తర్వాత మళ్ళీ కొట్టమని బంతి వైపు చెయ్యి చూపించాడు. దువ్వెనల దరిద్రుడికి ఆట నిజంగానే తెలుసు. ఆ ఒక్క సంగతి నేను లెక్కలో వేసుకోలేదు.

వాడు నా వైపు తిరిగాడు. ముఖంలోకి నెత్తురు తిరిగి వచ్చింది.

"వైరు పెట్టుకో అన్నయ్యా. విని మాట మార్చుకో. చదువు లేనివాడివి, పెద్దవాడివి, నీకు ఆ మాత్రం వదిలెయ్యకపోతే ఎలా?"

గదిలో కొందరు నవ్వారు. నిన్నటిదాకా నన్ను మాస్టారూ అన్నవాళ్ళే. పెట్టుకుంటే గెలుస్తానని నాకు తెలుసు. గెలిచి, జీవితాంతం వాడు వేసిన ముష్టిలో కుర్చీ వేసుకుని కూర్చోవాలి. వాడు సింకు దగ్గరికి వచ్చినట్టే రోజూ వచ్చి ఆ ముష్టి గుర్తుచేసి పోతాడు. వైరు పిడికిట్లో నలిపాను.

"అక్కర్లేదు. రెండోసారీ ఆపుతాడు," అన్నాను.

పిడికిట్లో ఇయర్‌ఫోన్ చీమలా ఏదో గొణిగింది. అర్థం కాలేదు. టీవీలో ఎర్రవాడు ఈసారి నిదానంగా నడిచొచ్చి కుడి మూలకు కొట్టాడు. కీపరు కదలను కూడా లేదు.

మోసం చేసినా గెలవలేకపోయాడని కండక్టరు తీర్పు చెప్పాడు. మోసమేముంది? రేడియోని ముందు మోగమని నేను చెప్పానా? కానీ వినేవాడు ఎవడు? మాట తప్పుదామన్నా, ఆ తర్వాత నా కుర్చీలో తల పెట్టేవాడు లేడు. తాళం వాడి బల్ల మీద, పౌడరు డబ్బా పక్కన పెట్టాను. కాగితాలు మారిన రోజున మా ఆవిడ నాతో మాట్లాడలేదు. చెల్లెలింటికీ వెళ్ళలేదు. వాళ్ళిద్దరి మధ్యా పడ్డ గోడ ప్లైవుడ్‌ది కాదు. దానికీ వాడే కారణం, అది కూడా రాసుకున్నాను.

వాడు మర్నాడే ప్లైవుడ్ పీకించి నా వైపుకి మూడో కుర్చీ వేశాడు. నేను బస్టాండు దగ్గర ఒకడి షాపులో రోజు కూలికి గీస్తున్నాను. ఫైనల్లో ఎర్రవాళ్ళు చిత్తుగా ఓడారు. కోచ్ టీవీ కట్టేసి వెళ్ళిపోయాడని విన్నాను, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. వాడి టీవీ కాలాలి, వాడి జట్లన్నీ ఎప్పటికీ సెమీఫైనల్ గెలిచి ఫైనల్లో చావాలి. నా దగ్గర్నించి పోయింది మాత్రం పొడవు పదకొండు అడుగులు, వెడల్పు ఏడడుగులు. సింకుతో కలిపి డెబ్భై ఏడు చదరపు అడుగులు.