ఆర్చి కింద బెంచీ

పాత చర్చి కనబడితే చాలు, భవనాల ప్లాన్లు గీసి రిటైరైన ఆ డ్రాఫ్ట్స్‌మన్‌కు పూనకం వచ్చేది. దాన్ని ఎలా కట్టారో స్తంభం దగ్గర చెప్పడం మొదలుపెడితే పైకప్పు చేరేదాకా ఆగేవాడు కాదు. మేనకోడళ్లు ఆయనకు గోడల మావయ్య అని పేరు పెట్టారు. వాళ్లంటే తప్పించుకునేవాళ్లు గానీ, పాపం భార్యకు ఆ దారీ లేదు. ఆయన వెంట ఊరూరా తిరుగుతూ, ఏ చర్చిలోకి వెళ్లినా ముందు కూర్చోడానికి చోటు వెతుక్కునేది. ఆయన ఏం చెప్పినా ఊఁ కొట్టేది. ఒక్క ముక్కా చెవికెక్కించుకునేది కాదు. ఆ సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

ఆ రోజు వెళ్లిన చర్చి మరీ పాతది. కాపలా ముసలమ్మ తాళం తీసి, చూసి రండని చెప్పి బయట వసారాలో కూర్చుంది. భార్య తిన్నగా వెళ్లి పెద్ద ఆర్చి కింద బెంచీ మీద చతికిలబడి, చెప్పులు విడిచి మోకాళ్లు నొక్కుకోసాగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఈ రాళ్ల మధ్య సున్నమే తప్ప ఇనుము లేదనీ, ఒకదాని బరువు ఒకటి మోస్తూ ఇన్నాళ్లూ నిలబడ్డాయనీ చెప్పుకుంటూ ఆర్చి మొదట్లోకి నడిచాడు.

అక్కడ గోడ నిలువునా బీటలిచ్చి ఉంది. బీటకు అడ్డంగా ఎవరో మేస్త్రీ చిన్న గాజుపట్టీ అతికించి వెళ్లాడు. గోడ కదిలితే ముందు గాజు పగులుతుంది, అందుకే అతికిస్తారు. ఆ గాజు రెండు ముక్కలై ఉంది. పగిలిన అంచుకు ఇంకా దుమ్ము కూడా పట్టలేదు. ఆయన చూస్తుండగానే బీటలోంచి సున్నం పొడి జలజలా రాలింది. తలెత్తాడు. ఆర్చి నడిమి రాయి కిందికి జారి ఉంది, సరిగ్గా భార్య తలకు పైన.

లే అనాలి. అంతే. కాళ్లు నేలలో పాతేసినట్టయ్యాయి. ఇన్నేళ్లు ఆగకుండా వాగిన నోరు అవసరానికి పెగలలేదు. ఆయన నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు.

ఊఁ కొట్టబోయి, ఆయన మాట వినబడక ఆవిడ తలెత్తింది. ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమండీ, ఛాతీలో నొప్పా?" అంటూ చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తగిలాకే ఆయనకు కాళ్లు ఆడాయి. ఆమెను ఈడ్చుకుంటూ గుమ్మం దాటాడు.

వెనక నేల అదిరింది. గుమ్మంలోంచి దుమ్ము తన్నుకొచ్చి ముగ్గురినీ ముంచేసింది. అది అణిగాక తొంగిచూస్తే బెంచీ లేదు. అక్కడ రాళ్ల గుట్ట ఉంది. ముసలమ్మ మెట్ల మీద కూలబడింది.

అప్పుడొచ్చింది ఆయనకు మాట. అరవలేకపోయాననీ, చేతులారా చంపుకునేవాణ్ణనీ, క్షమించమనీ బావురుమన్నాడు. ఆవిడ ఆ రాళ్లకేసి చూసింది.

"మీరు లెమ్మన్నా నేను లేచేదాన్ని కాదండీ," అంది. "ఊఁ అనేసి అక్కడే కూర్చునేదాన్ని. మీ మాట ఆగిపోయిందనే భయమేసి లేచాను."

ఆర్చి కూలినా నిలదొక్కుకున్న మనిషి, ఆ మాటకు నేల మీద కూర్చుండిపోయాడు.