చెయ్యి తగలని బట్టలు

తెల్లారకముందే రేవులో దిగిన వరదమ్మ మధ్యాహ్నమైనా నడుం ఎత్తలేదు. లాడ్జి దుప్పట్లు ఇంకో మూట మిగిలే ఉంది. కొండ మీద గుండు చేయించుకుని దిగినవాళ్ళు నెత్తికి పూసుకున్న గంధమంతా దిండు గలేబులకు అంటించిపోతారు. అది ఒక పట్టాన వదలదు. దుప్పటికి ఆరు రూపాయలు. గలేబుకు కూలి లేదు, దుప్పటితో పాటు ఊరికే ఉతికి పెట్టాలి. ఆ నియమం ఎవరు పెట్టారో తెలియదు గాని, లాడ్జీలు ఎన్ని చేతులు మారినా అది మాత్రం మారలేదు.

రేవంటే ఏరు కాదు. ఏరు ఎండిపోయి చాలాకాలమైంది. తిరుపతి ఊరి అంచున నాలుగు వరసల సిమెంటు తొట్లు, బండలు, ఒక బోరు. ఆ బోరునీళ్ళ ఉప్పుకు చాకలిపేట ఆడవాళ్ళ అరిచేతులన్నీ పగిలి ఉంటాయి. వరదమ్మవి మరీను. అన్నం కలుపుకుంటే కారం మంట పుడుతుంది. ఆ చేతుల్ని చూసుకుని ఆ రోజు ఆమె నవ్వుకుంది.

"ఇదే కడసారి," అంది పక్క బండ దగ్గరున్న రాఘవమ్మతో. "నా తొట్టి నువ్వే ఉంచుకో. రేపట్నించి నేను అంగట్లో కుర్సీ యేసుకోని కూసుంటా."

"కుర్సీ యెక్కినాక మమ్మల్ని గుర్తు పెట్టుకుంటావా మేయ్?" అంది రాఘవమ్మ.

"నీ కోకలు గూడా మిషన్లో యేసిస్తాలే, దిగులు పడబాక."

ఇద్దరూ నవ్వారు. ఆ సాయంత్రమే మునిశేఖర్ అంగడి తెరుస్తున్నాడు.

మునిశేఖర్ ఆమె కన్నకొడుకు కాదు. భర్త కుప్పయ్యకు అన్న కొడుకు. తల్లీ తండ్రీ పోయిన పసివాణ్ణి వరదమ్మే పెంచింది. ఆమెకు పుట్టిన బిడ్డలు నిలవలేదు, అందుకని ఉన్న ముద్దంతా వాడికే దక్కింది. పెద్దవాడై చెన్నైలో బట్టలుతికే మిషన్ల అంగట్లో కొన్నేళ్ళు పనిచేసి నిరుడు తిరిగొచ్చాడు. వచ్చినప్పటి నుంచీ ఒకటే పాట. జనం తమ బట్టలు తామే తెచ్చుకుంటారట, తామే మిషన్లో వేసుకుని ఫోనుతో డబ్బు కడతారట, గంట తిరక్కుండా ఆరిన బట్టలు చంకన పెట్టుకుని పోతారట.

"అట్టాంటి అంగడి మన తిరపతిలో పెడితే ఎట్టుంటాది పిన్నమ్మా?" అన్నాడు.

పెట్టేముందు అన్నీ చూసుకోవాలన్నాడు. చూశాడు కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. నీళ్ళు పరీక్ష చేయించాడు. ఉప్పు విరిచే యంత్రం ఎంతకొస్తుందో కనుక్కున్నాడు. సబ్బు మురుగు ఏ కాలువలోకి పోవాలో, కరెంటు ఏ వేళ తగ్గుతుందో, హాస్టలు పిల్లలు ఏ దారిన నడుస్తారో, యాత్రికులు తడిబట్టలతో ఎక్కడ దిగుతారో అంతా ఆరా తీశాడు. ఎవరింట్లో మిషను ఉంది, ఎవరింట్లో మూలబడింది, ఎవరు దేనికి సణుగుతారు అన్న సంగతులకు మాత్రం వరదమ్మను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఆమె ప్రతి గడప ముందూ నిలబడి, "మా పిల్లోడమ్మా, మిషన్ల అంగడి పెడతావుండాడు," అని మురిసిపోతూ చెప్పింది.

ఇంకొకటి కూడా చూసుకోవాలి. దాన్ని చెన్నైలో ఎవరూ నేర్పరు. అంగడి పెట్టదలచిన వీధి వరదమ్మ వాడుక, అక్కడి ఇళ్ళ బట్టలు ఉతికే హక్కు ఆమెది. చాకలిపేటలో ఒకరి వాడుక వీధిలో ఇంకొకరు బట్ట ఎత్తరు. పస్తు పడుకుంటారు గాని ఎత్తరు. అక్కడ అంగడి తెరవాలంటే వరదమ్మ కులపెద్దల ముందు తాంబూలం వాడి చేతిలో పెట్టి వీధిని ఇచ్చెయ్యాలి. ఒకసారి ఇచ్చాక తిరిగి అడగడమనేది లేదు.

"సూసుకో వరదమ్మా," అన్నాడు పెద్దాయన సుందరరాజు. "ఇచ్చినాక మల్లీ రాదు."

"ఎవురికిస్తావుండాను మామా? నా బిడ్డకే గదా."

ఏ షరతూ పెట్టకుండా ఆమె తాంబూలం ఇచ్చేసింది. సొంత బిడ్డ దగ్గర షరతు పెట్టడం నామోషీ అనుకుంది. శేఖరే అందరూ వినేట్టు అన్నాడు, "అంగట్లో మా పిన్నమ్మకు కుర్సీ యేస్తా. నెలకు పన్నెండు వేలిస్తా. ఇంక నీళ్ళల్లో దిగనీను," అని. వరదమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మిషన్లకు డబ్బు పెట్టింది లాడ్జి యజమాని జయరావు. పెట్టుబడి ఆయనది, వీధి శేఖర్‌ది, ఇద్దరికీ చెరిసగం. వీధి అసలు ఎవరిదని జయరావు అడగలేదు. శేఖర్ చెప్పలేదు.

సాయంత్రం కొత్త చీర కట్టుకుని వీధి మలుపు తిరిగేసరికి వరదమ్మకు మొదట కనిపించింది కుప్పయ్య ఇస్త్రీ బండి. అది ఎప్పుడూ ఉండేది ఇప్పుడు అంగడి వచ్చిన చోటి ముందు. ఉన్నది మలుపు దగ్గర, మురుగు కాలువ పక్కన. కుప్పయ్య దాని నీడలో గొంతుకూర్చుని ఉన్నాడు.

"ఇదేంది, ఈడికి తోసినావు?"

"నేను తొయ్యలా. శేఖరుడు తోయించినాడు. అంగడి ముందర బొగ్గులబండి ఉంటే బాగుండదంట." కుప్పయ్య ఆమె మొహంలోకి చూడలేదు. "నువ్వు పొయ్యి ఆ బోర్డు సూడు."

వరదమ్మ ఐదో తరగతి దాకా చదివింది. పెద్ద అక్షరాలైతే ఆగి ఆగి చదువుకోగలదు. ఆ అక్షరాలు ఆటోలో పోయేవాడికి కూడా కనిపించేంత పెద్దవి.

'మీ బట్టలు మీరే వేయండి, మీరే తీయండి. ఎవరి చెయ్యీ తగలదు. మడికి భంగం లేదు.'

మళ్ళీ మొదటి నుంచి చదివింది. తప్పు చదివానేమో అనుకుంది. కాదు. ఎవరి చెయ్యో అక్కడ ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్ళూ ఆ వీధి బట్టలకు తగిలిన చెయ్యి ఒక్కటే.

పైగా ఆ మాట పుట్టింది ఆమె నోటి నుంచే. ఆ వీధిలో సంపత్కుమార్ గారని దేవస్థానం ఆఫీసులో చేసి రిటైరైన వైష్ణవుల ఇల్లుంది. ఆయన భార్య వకుళాదేవి మంచి మనిషి. పండగకు పులిహోర పెడుతుంది, కుప్పయ్య కాళ్ళ నొప్పులకు మందు చెబుతుంది. ఇంట్లో మిషను చెడిపోతే కొత్తది కొనకుండా, వరదమ్మ ఉండగా ఎందుకంటుంది. కాని వరదమ్మ తెచ్చిన బట్టలు చేతికి అందుకోదు. అరుగు మీద పెట్టమంటుంది. వాటిని పెరట్లోకి తీసుకుపోయి మళ్ళీ నీళ్ళలో జాడించి ఆరేస్తేనే అవి మడిబట్టలవుతాయి. తను బండకేసి బాది, పిండి, తెల్లగా చేసి తెచ్చిన చీర తన ఎదుటే మళ్ళీ నీళ్ళలో మునగడం వరదమ్మ కొత్తకోడలప్పటి నుంచీ చూస్తూనే ఉంది. ఆ సంగతి కుప్పయ్యతో కూడా అనలేదు. అందరిళ్ళూ తిరిగిన రోజున శేఖర్ గుచ్చి గుచ్చి అడిగితే వాడికి మాత్రం చెప్పింది.

"నేను ఉతికిందాన్ని మల్లీ జాడిస్తాది రా. నా చెయ్యి తగిలింది గదా," అంది.

"బాధ పడబాక పిన్నమ్మా," అని వాడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత ఫోను తీసి ఏదో రాసుకున్నాడు.

ఇప్పుడు తెలిసింది, వాడు రాసుకున్నదేమిటో.

వరదమ్మ లోపలికి వెళ్ళింది. అద్దాల తలుపుల మిషన్లు వరసగా మెరుస్తున్నాయి. గోడకు ధరల పలక, ఒక విడత ఉతుకు నూట యాభై అని. ఫోనుతో డబ్బు కట్టడానికి ఒక గళ్ళ బొమ్మ అతికించి ఉంది. శేఖర్ రిబ్బను కడుతున్నాడు.

"శేఖరా, బయట ఆ రాత నీదేనా?"

"జయరావు సారు రాయించినాడు పిన్నమ్మా."

"ఆ యప్పకెవురు చెప్పినారు? ఈ ఈదిలో నా చేతి సంగతి లాడ్జి ఆయనకెట్టా తెలిసింది?"

శేఖర్ రిబ్బను ముడి విప్పి మళ్ళీ వేశాడు. "యాపారం పిన్నమ్మా. జనానికి ఏం గావల్లో అదే రాయాల. నీ పేరేమన్నా రాసినామా?"

"కుర్సీ యాడ?"

"ఇది సెల్ఫ్ సర్వీసు. మనిషి కనపడగూడదు. అదే దీని గొప్ప." వాడు గొంతు తగ్గించాడు. "నీకు ఎనక గదిలో పని ఉండాది. మడతలు పెట్టేది, ఇస్త్రీ చేసేది. ఎనక సందులో నుంచి వచ్చి పోతే సాలు. ముందరి వాకిట్లో నుంచి మాత్రం రాబాక."

వాడి చెంప పగలగొట్టాలనిపించింది ఆమెకు. కొట్టలేదు. ఏడవనూ లేదు. వెనక గదిలోకి పోయి మూలనున్న బస్తా మీద కూలబడింది. ఇంకెక్కడికి పోతుంది? వీధి ఇచ్చేసింది. తొట్టి మధ్యాహ్నమే రాఘవమ్మకు ఒప్పజెప్పింది. ఈ గది కూడా కాదంటే రేపు పొయ్యి వెలిగేది దేనితో?

బయట కొబ్బరికాయ కొట్టిన చప్పుడు, చప్పట్లు వినిపించాయి. మొదటి బేరం వకుళాదేవిదే. మర్నాడు వాళ్ళింట్లో మామగారి తద్దినం. మడి చీరలు, పంచెలు తానే సంచిలో తెచ్చుకుంది, తానే మిషన్లో వేసింది. అద్దంలో బట్టలు గిరగిరా తిరుగుతుంటే చిన్నపిల్లలా సంబరపడింది. ఆ డ్రమ్ములో ఎవరి బట్టల వెనక ఎవరి బట్టలు తిరుగుతాయో మడి అడగదు. చెయ్యి కనపడకపోతే దానికి చాలు.

తలుపు సందులోంచి వకుళాదేవికి వరదమ్మ కనిపించింది. "నువ్వూ వచ్చావా వరదమ్మా? నాకిక మళ్ళీ జాడించుకునే బాధ లేదు. నీకూ ఆ బండల మీద బాదుకునే కష్టం తప్పిందిలే," అంది. మనసారా అంది. అందుకే వరదమ్మకు మరింత కష్టమేసింది.

మిషన్లు నాలుగూ ఒకేసారి వేశారు. పైన చల్లగాలి యంత్రం ఒకటి. కాసేపటికి కరెంటు తగ్గి దీపాలు మిణుకుమన్నాయి. మూడు మిషన్లు తేరుకున్నాయి గాని, వకుళాదేవి బట్టలున్నది సబ్బునీళ్ళతో సహా బిగుసుకుపోయింది. శేఖర్ మీటలన్నీ నొక్కి చూశాడు. వాకిట్లో జనం మెడలు చాచారు. జయరావు పళ్ళు కొరుకుతూ వాడి చెవిలో ఏదో అన్నాడు.

"సబ్బు మార్చాలమ్మా, అంతే," అని శేఖర్ వకుళాదేవికి చెప్పి, జనానికి వీపు అడ్డంపెట్టి తాళంతో తలుపు తీశాడు. బట్టలన్నీ బకెట్లోకి లాగి, పైన తువ్వాలు కప్పి వెనక గదిలోకి తెచ్చాడు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయి ఉంది.

"పిన్నమ్మా, రవంత సాయం జెయ్యి. ఈ కొళాయి కింద జాడించి పిండియ్యి. తక్కింది ఆరబెట్టే మిషన్లో యేసేస్తా. ఆయమ్మకు తెలీదు. తలుపేసేస్తా, ఎవురూ సూడరు."

బకెట్టు ముందుకు జరగగానే ఆమె చేతులు వాటంతటవే సాగాయి. ముంజేతి మీదికి గాజులు తోసుకోవడం కూడా అయిపోయింది. నీళ్ళకు బెత్తెడు పైన చేతులు ఆగాయి.

"ఎవురి చెయ్యీ తగలదని రాసినావు గదరా."

"ఇప్పుడదెందుకు పిన్నమ్మా? జనం ఉండారు."

"నా చెయ్యి తగలదు."

శేఖర్ బకెట్టును ఇంకా దగ్గరికి జరిపాడు. "పరువు పోతాది. నీ కాళ్ళు పట్టుకుంటా. జీతం పెంచుతా."

వరదమ్మ లేచి నిలబడింది. "నీ అమ్మ పోయినాక నీ పీతిగుడ్డలు ఉతికినేది ఈ చేతులే. అవి నీకు కట్టినప్పుడు మల్లీ జాడించమని నువ్వు ఏడవలా," అంది. "నీ ఉతుకు నువ్వే ఉతుక్కో."

వెనక సందు తలుపు తెరిచే ఉంది. ఆమె అటు పోలేదు. మిషన్ల మధ్య నుంచి, జనం మధ్య నుంచి ముందరి వాకిలి వైపు నడిచింది.

వకుళాదేవి కంగారుగా ఎదురొచ్చింది. "వరదమ్మా, లోపల నా బట్టలు..."

"నేను ముట్టలేదమ్మా."

వకుళాదేవి మొహం తేటబడింది. మరుక్షణమే బకెట్టుతో శేఖర్ గుమ్మంలోకి వచ్చాడు. తువ్వాలు జారి, సబ్బు నురగలో నానుతున్న పంచెలు పైకి తేలాయి. తెల్లవారితే తద్దినం. ఎవరు జాడించాలో, ఎవరు పిండాలో తెలియక ఆమె అక్కడే నిలబడిపోయింది.

వరదమ్మ మలుపు దాకా పోయి బండికి భుజం ఆనించింది. "పట్టు," అంది కుప్పయ్యతో.

"యాడికి?"

"ఎప్పుడుండే తావుకే."

ఇద్దరూ తోసుకుంటూ వచ్చి బండిని అంగడి ముందు, సరిగ్గా ఆ బోర్డు కింద ఆపారు. ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఇంకా కనకనలాడుతున్నాయి.

"ఏయ్, ఈడ కాదు! తీసెయ్యండి!" అని జయరావు లోపలి నుంచి కేకేశాడు.

వరదమ్మ వంగి రాయి వెతికి, బండి చక్రం కింద పెట్టింది.